అలుగు లేని గుంటలు: నెబ్రాస్కా శాండ్‌హిల్స్‌లో నాలుగు టోపో షీట్ల తయారీ

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో దాదాపు 50,000 చదరపు కిలోమీటర్ల మేర గడ్డి కప్పిన ఇసుక దిబ్బలు పరుచుకుని ఉన్నాయి. వాటినే శాండ్‌హిల్స్ అంటారు. పెద్ద దిబ్బలు 120 మీటర్ల ఎత్తుకు లేస్తాయి. కొన్ని ఒకే వరుసగా 30 కిలోమీటర్లు సాగుతాయి. దున్నితే ఇసుక లేస్తుంది కాబట్టి ఇక్కడ సాగు నిలబడలేదు, పశువుల రాంచ్‌లు నిలబడ్డాయి. 1904 నాటి కింకేడ్ చట్టం పడమటి నెబ్రాస్కాలో ఒక్కో కుటుంబానికి 640 ఎకరాలు ఇచ్చింది. అదీ చాలక చాలామంది అమ్ముకుని వెళ్లిపోయారు. ఈ కేసులో తీసుకున్నది గ్రాంట్, హూకర్, చెర్రీ కౌంటీలు కలిసే మూల చుట్టూ ఉన్న నాలుగు టోపో షీట్ల, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే పటాల, విస్తీర్ణం. దక్షిణాన హైవే 2, దాని పక్కనే బొగ్గు రైళ్లు నడిచే లైను. తూర్పున మిడిల్ లూప్ నది తలాపు వాగులు. పడమర వైపు నీళ్లు ఎటూ బయటకు పోని లోయలు.

7.5 నిమిషాల షీటు, అంటే అక్షాంశంలోనూ రేఖాంశంలోనూ డిగ్రీలో ఎనిమిదో వంతు చూపేది, 42 డిగ్రీల అక్షాంశం దగ్గర నిలువునా 13.9 కిలోమీటర్లు, అడ్డంగా 10.35 కిలోమీటర్లు వస్తుంది. నాలుగూ కలిపి 575 చదరపు కిలోమీటర్లు. 1:24,000 స్కేలులో ఒక్కో షీటు 58 సెంటీమీటర్ల పొడవు, 43 సెంటీమీటర్ల వెడల్పు. ఎత్తులు కొలిచేది లైడార్‌తో, అంటే విమానం నుంచి లేజర్ పల్స్‌లు వదిలి. దాని నాణ్యత యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) చెప్పే క్యూఎల్2, అంటే చదరపు మీటరుకు కనీసం 2 పాయింట్లు, ఎత్తులో ఆర్‌ఎమ్‌ఎస్‌ఈ (దోషాల వర్గాల సగటుకు వర్గమూలం) 10 సెంటీమీటర్ల లోపు. 115 కోట్ల పాయింట్లు అవుతాయి. పాయింట్లు దాచే లాస్ 1.4 ఫైళ్లలో, పాయింట్ ఫార్మాట్ 6లో ఒక్కో పాయింటుకు 30 బైట్లు పడతాయి కాబట్టి కుదించక ముందు 35 జీబీ లెక్క వేసుకోవాలి. కిలోమీటరు టైళ్లుగా కోస్తే, అంచులతో కలిపి 600కు పైనే. ఇప్పటి కంప్యూటర్లకు ఇది పెద్ద డేటా కాదు. కష్టమంతా ఇంకో చోట ఉంది.

ఇలాంటి డేటాలో నేలకు తగిలిన పాయింట్లను చెట్లు, ఇళ్ల నుంచి వేరుచేసే పని హైదరాబాద్‌లో కూడా చాలా జరుగుతుంది. తెలుగు నేల మీద పెరిగిన కంటికి గుంట కనబడితే అది చెరువే, చెరువన్నాక ఎక్కడో ఒక అలుగు ఉండి తీరాలి. సాఫ్ట్‌వేర్ కూడా అలాగే ఆలోచిస్తుంది. ప్రతి చుక్కా చివరకు షీటు అంచు దాటి పోవాలని దాని పట్టు. శాండ్‌హిల్స్‌లో ఆ పట్టు వదలకపోతే పటమంతా అబద్ధమవుతుంది.

ఎగరాల్సిన కాలం

మంచు ఉండకూడదు, గడ్డి పచ్చగా లేచి ఉండకూడదు. మిగిలేవి రెండు కిటికీలు: ఏప్రిల్, లేదా అక్టోబరు–నవంబరు. వసంతంలో భూగర్భ జలమట్టం పైకొచ్చి లోయల్లోని తడి మైదానాలు నీళ్లలో ఉంటాయి. లేజర్‌కు అక్కడ నేల దొరకదు. పైగా అది ఆవులు ఈనే కాలం, కంట్రోల్ పాయింట్ల (నేల మీద కచ్చితంగా కొలిచే చోట్ల) కోసం దొడ్ల మధ్య తిరుగుతామంటే ఏ రాంచరూ ఇష్టపడడు. శరదృతువులో మైదానాల గడ్డి కోసేసి ఉంటుంది, నీరు తగ్గి ఉంటుంది. కాకపోతే కోసిన గడ్డి గుండ్రటి చుట్టలుగా అక్కడే పడి ఉంటుంది. ఒక్కోటి మనిషి ఛాతీ ఎత్తు. చుట్టల్ని తర్వాత ఏరేయవచ్చు, నీటి అడుగున నేలను తెచ్చుకోలేం. అందుకని శరదృతువే మేలు.

కంట్రోల్, చెక్‌పాయింట్లు

ఈ దిబ్బల మధ్య చాలా చోట్ల మొబైల్ సిగ్నల్ ఉండదు. నెట్‌వర్క్ ఆర్‌టీకే (శాటిలైట్ స్థానాన్ని అక్కడికక్కడే దిద్దుకునే పద్ధతి) మీద పథకం వేసుకుంటే మొదటి రోజే ఆగిపోతుంది. సొంత బేస్ పెట్టి రేడియోతో ఆర్‌టీకే చేసినా, రెండు దిబ్బలు అడ్డొస్తే లింకు తెగుతుంది. నమ్మకమైన దారి స్టాటిక్ పరిశీలన. ప్రతి బేస్ దగ్గర కనీసం 2 గంటలు, వీలైతే 4 గంటలకు పైగా రికార్డు చేసి, దాన్నుంచి స్థానం లెక్కకట్టి ఇచ్చే అమెరికా ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ఓపస్‌కు పంపాలి. లైడార్ ఎత్తుల్ని సరిచూసే చెక్‌పాయింట్లను ఆ బేస్ నుంచి పీపీకేతో, అంటే కొలిచి వచ్చాక లెక్కకట్టే పద్ధతితో, తేల్చుకోవాలి. దీర్ఘవృత్తాభం (శాటిలైట్ కొలతలకు ఆధారమైన గణిత ఆకారం) మీది ఎత్తును ఎన్‌ఏవీడీ 88 (అమెరికా పటాల ఎత్తులకు ఆధారం) ఎత్తుగా మార్చడానికి జియాయిడ్18 మోడల్ వాడాలి. ఈ ప్రాంతంలో ఆ రెండింటి మధ్య తేడా రెండు పదుల మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి మర్చిపోతే వెంటనే తెలుస్తుంది. జియాయిడ్18 బదులు పాత మోడల్ వాడితే వచ్చే కొన్ని సెంటీమీటర్ల తేడాయే కంటపడదు. ఏ మోడల్ వాడారో ప్రతి ఫైలు మెటాడేటాలో రాసి ఉండాలి.

2023లో వచ్చిన ఏఎస్‌పీఆర్‌ఎస్ (అమెరికా ఫొటోగ్రామెట్రీ, రిమోట్ సెన్సింగ్ సంఘం) ప్రమాణం రెండో కూర్పు ప్రకారం కనీసం 30 చెక్‌పాయింట్లు కావాలి. సంఖ్య కంటే వాటిని ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. గట్టి నేల ఉన్నదంతా హైవే 2 వెంట, రాంచ్‌లకు పోయే ఒంటి వరుస తారు రోడ్ల వెంట. అన్నీ అక్కడే పెడితే ఉత్తర సగంలో ఒక్క పాయింటూ ఉండదు. ఉత్తరాన దొరికే మంచి చోటు నీళ్లు తోడే గాలిమరల దగ్గర పశువులు తొక్కి గట్టిపరిచిన నేల. నీళ్ల తొట్టి పొర్లే వైపు వదిలేసి, వాలు 10 శాతం లోపు ఉన్న వైపు పెట్టాలి. బోసి ఇసుక కనబడింది కదా అని బ్లోఅవుట్‌లో, అంటే గాలి గడ్డిని తెంచి ఇసుక తోడేసిన గుంతలో, పాయింటు పెట్టకూడదు. విమానం ఎగిరిన నాటికి, జీఎన్‌ఎస్‌ఎస్‌తో (శాటిలైట్ రిసీవర్‌తో) కొలిచిన నాటికి మధ్య ఒక చలికాలం గడిస్తే ఆ ఇసుక అక్కడ ఉండదు. లైడార్ తప్పని తేలుతుంది, తప్పేమో పాయింటుది.

ఎత్తైన గడ్డిలో కూడా విడిగా పాయింట్లు తీసుకోవాలి. లేజర్ పల్స్ గడ్డి కొసకూ నేలకూ తగిలి వెనక్కి వచ్చేటప్పుడు ఆ రెండు ప్రతిధ్వనుల మధ్య దూరం అర మీటరు కంటే తక్కువైతే సెన్సర్ వాటిని విడదీయలేదు. ఒకే రిటర్న్‌గా, నేలకు కాస్త పైన నమోదవుతుంది. ఇది ఫిల్టర్‌తో పోయే తప్పు కాదు, పాయింటే అక్కడ పుట్టింది. మోకాలెత్తు గడ్డిలో ఉపరితలం కొన్ని సెంటీమీటర్లు పైకి తేలి ఉంటుందని నివేదికలో విడిగా చూపించడమే చేయగలిగింది.

నేల మీద పని గురించి ఇంకొక్క మాట. ఇదంతా సొంత భూమి. ముందుగా అనుమతి అడగాలి, గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే ఉంచాలి. దిబ్బ వాలు మీదుగా బండి ఎక్కించకూడదు, ఆ రెండు చక్రాల చారలే రేపటి బ్లోఅవుట్ అవుతాయి. ఎండు గడ్డిలో వేడెక్కిన ఎగ్జాస్ట్‌తో బండి ఆపడం నిప్పంటించడమే.

పట్టీల మధ్య పొంతన

పక్కపక్క ఫ్లైట్ పట్టీల మధ్య ఎత్తు తేడా 8 సెంటీమీటర్ల ఆర్‌ఎమ్‌ఎస్ లోపు ఉండాలి. ఈ తేడాను దిబ్బలన్నిటి మీదా కలిపి కొలిస్తే తప్పుదారి పడతాం. 30 డిగ్రీల వాలు మీద అడ్డంగా 30 సెంటీమీటర్లు జరిగితే నిలువులో 17 సెంటీమీటర్ల తేడాగా కనిపిస్తుంది. నిలువు తేడాను 10 డిగ్రీల లోపు వాలున్న లోయల్లో మాత్రమే కొలవాలి. నిటారు వాలుల్ని అడ్డం తేడా పట్టుకోవడానికి వాడాలి: ఒకే దిబ్బకు ఉత్తరం వైపు ప్లస్, దక్షిణం వైపు మైనస్ వస్తే అది బోర్‌సైట్, అంటే విమానంలో సెన్సర్ బిగింపు కోణాల, సర్దుబాటు లోపం. ఇక్కడి దిబ్బలకు దక్షిణం వాలు నిటారు, ఉత్తరం వాలు ఏటవాలు కాబట్టి ఈ పరీక్షకు బాగా పనికొస్తాయి.

నేలను వేరుచేయడం

పీడాల్ సాఫ్ట్‌వేర్‌లో నేలను వేరుచేసే ఎస్‌ఎమ్‌ఆర్‌ఎఫ్ ఫిల్టర్‌కు తయారీలోనే వచ్చే విలువలు: సెల్ 1 మీటరు, వాలు 0.15, విండో 18 మీటర్లు, థ్రెషోల్డ్ 0.5 మీటరు, స్కేలర్ 1.25. ఊళ్లున్న చదును నేలకు ఇవి సరిపోతాయి. ఇక్కడ దిబ్బ శిఖరాలు కోసుకుపోతాయి. ఎండు ఇసుక 30 డిగ్రీల పైచిలుకు వాలు వరకూ నిలుస్తుంది, అంటే దాదాపు 0.6. దాని పక్కన 0.15 ఎంత? ఫిల్టర్ పదునైన శిఖరాన్ని ఇల్లనుకుంటుంది, బ్లోఅవుట్ అంచున వేళ్లు పట్టి నిలబెట్టిన గడ్డి పెళ్లను పొద అనుకుంటుంది. హిల్‌షేడ్‌లో, అంటే ఒక దిక్కు నుంచి వెలుగు వేసి నీడలతో చూపే నేల చిత్రంలో, శిఖరాల వెంట చిన్న చదును త్రిభుజాలు వరుసగా కనిపిస్తే జరిగింది ఇదే.

మార్పు రెండు చోట్ల. వాలును 0.35–0.5కు పెంచాలి, విండోను 8–10 మీటర్లకు దించాలి. విండో దించితే పెద్ద కొట్టాలు నేలగా మిగిలిపోతాయి. పరవాలేదు. ఇంత విస్తీర్ణంలో రాంచ్ కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. వాటి చుట్టూ పాలిగన్ గీసి, అందులో మాత్రం పాత విలువలతో మళ్లీ నడపాలి. ఒకే విలువల సెట్ 600 టైళ్లకూ నడపాలన్న పట్టుదల అనవసరం. టెరాస్కాన్ అనే మరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకూ ఇదే సూత్రం: ఇటరేషన్ కోణం పెంచాలి, గరిష్ఠ భవన పరిమాణం తగ్గించాలి, కొట్టాలకు విడి పాలిగన్.

చేత్తో దిద్దాల్సినవి మూడు. మొదటిది గడ్డి చుట్టలు. కోసిన మైదానంలో వరుసగా, ఒకే పరిమాణంలో మొలిచిన బొడిపెల్లా ఉంటాయి. కంచె వేసిన గడ్డివాముల దొడ్లలోనైతే గోడలా కలిసిపోయి చిన్న గట్టులా మారతాయి. రెండోది ఎర్ర సీడర్. ఏడాదంతా ఆకు రాలని చెట్టు కాబట్టి క్యూఎల్2 సాంద్రతలో దాని కింద నేలకు తగిలే పాయింట్లు ఒకటో రెండో. గాలి ఆపడానికి రాంచ్ ఇళ్ల చుట్టూ వరుసల్లో నాటి ఉంటుంది, వాలుల మీద తనంతట తానూ మొలుస్తోంది. శంకువు ఆకారంలో బొడిపె కనబడితే వైమానిక చిత్రంతో పోల్చి తీసేయాలి. మూడోది రైలు కట్ట. నిటారు అంచుల వల్ల వాలు పెంచినా కొన్ని చోట్ల పైభాగం మాయమవుతుంది. కట్టకు రెండువైపులా బ్రేక్‌లైన్ (వాలు మారే అంచు వెంట గీత) గీయడం తేలిక. వంతెన పలకలు క్లాస్ 17లోకి పోవాలి, కట్ట మాత్రం నేలే.

సరిచూడటానికి ఒకే దిక్కు వెలుగున్న హిల్‌షేడ్ చాలదు. అలవాటుగా పెట్టే 315 డిగ్రీల వెలుగులో నిటారుగా ఉన్న దక్షిణం వాలులన్నీ నీడలోకి పోతాయి, తప్పులూ అక్కడే దాక్కుంటాయి. 315, 225, 180 డిగ్రీలతో మూడు సార్లు చూడాలి.

గుంటలు

కేసు మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. దిబ్బల మధ్య లోయలు చాలావరకు మూసుకుపోయిన గుంటలు. వాన నీళ్లు పారవు, ఇసుకలోకి ఇంకి కిందనున్న హై ప్లెయిన్స్ భూగర్భ జలాశయానికి చేరతాయి. ఎక్కడ లోయ అడుగు జలమట్టం కంటే కిందికి దిగిందో అక్కడ చెరువు. మిడిల్ లూప్, డిస్మల్ లాంటి నదులు ఏడాది పొడవునా దాదాపు ఒకే మట్టంలో పారడానికి కారణం వాటికి నీరు ఊటగా అందడమే.

ఈ డీఈఎం (ప్రతి గడిలో నేల ఎత్తున్న రాస్టర్) మీద గుంటలు పూడ్చే టూల్ నడిపితే, మూసిన లోయ ప్రతిదీ తన అతి తక్కువ ఎత్తున్న కనుమ దాకా నిండిపోతుంది. పదుల మీటర్ల లోతున్న దొంగ సరస్సులు తయారవుతాయి, వాటి మీదుగా తీగలాంటి సరళరేఖల్లో వాగులు గీసుకుంటాయి. ఆ వాగుల్లో ఏనాడూ నీరు పారలేదు. దాని మీద కల్వర్టు సైజు లెక్క వేస్తే డబ్బు దండగ.

పద్ధతి ఇది. పూడ్చని డీఈఎంను మూలప్రతిగా ఉంచి ముట్టుకోకూడదు. పూడ్చిన ప్రతి నుంచి మూలాన్ని తీసేసి లోతు రాస్టర్ చేయాలి. 30 సెంటీమీటర్ల లోపు లోతున్నవి, అంటే ఆర్‌ఎమ్‌ఎస్‌ఈకి మూడు రెట్లు దాటనివి, కొలత గరుకుగా లెక్కగట్టి వదిలేయాలి. మిగిలిన వాటిని నాలుగు రకాలుగా గుర్తించాలి: అసలు దిబ్బల లోయ, బ్లోఅవుట్, రోడ్డో రైలు కట్టో అడ్డుకున్న నీటి దారి, వర్గీకరణ తప్పు. మూడో రకాన్ని మాత్రమే తెరవాలి. అదీ కల్వర్టు ఉందని చిత్రంలోనో నేల మీదో చూశాక, కల్వర్టు పొడవున గీత గీసి. నాలుగోది పాయింట్ క్లౌడ్‌లోకి వెళ్లి దిద్దాలి. డీఈఎం మీద మాసిక వేయకూడదు.

తడి మైదానాల్లో నీరు తీయడానికి తవ్విన కాలువలున్నాయి. అవి ఒకటి రెండు మీటర్ల వెడల్పే కాబట్టి 1 మీటరు డీఈఎంలో అక్కడక్కడ తెగిపోతాయి. ఆ తెగిన చోట్లు మూసిన గుంటల్లా కనిపిస్తాయి. కాలువ వెంట గీత గీసి కలపాలి. మిడిల్ లూప్ తలాపులో ఇవి నిజంగా నీటిని బయటకు తీసుకెళ్లే దారులు. పరీవాహక హద్దులు గీసేటప్పుడు మూసిన లోయల మొత్తాన్ని నదికి నీరివ్వని విస్తీర్ణంగా విడిగా రాయాలి. యూఎస్‌జీఎస్ పరీవాహక డేటాసెట్‌లో దానికి ఒక ఫీల్డే ఉంది.

చెరువుల విషయంలో నియమం: 2 ఎకరాలు, అంతకు మించిన నీటి ఉపరితలాన్ని ఒకే ఎత్తుకు చదును చేయాలి, ఆ ఎత్తు ఒడ్డు కంటే పైన ఉండకూడదు. పక్కపక్క లోయల్లో రెండు చెరువులు వేర్వేరు మట్టాల్లో ఉంటే సరిచేయడానికి చేయి పెట్టకూడదు. స్థూలంగా తూర్పుకు వాలే జలమట్టాన్ని అవి అనుసరిస్తాయి. అనుమానించాల్సింది చుట్టూ ఉన్న తడి మైదానం కంటే ఎత్తున్న చెరువుని. అలాంటి చోట బ్రేక్‌లైన్ జమ్ము మీదుగా పోయి ఉంటుంది. జమ్ము పెరిగిన అంచును నీరుగా కాక, చిత్తడి గుర్తుతో చూపాలి. మరింత పడమర క్షార చెరువులు ఎండినప్పుడు తెల్లటి పొర తేలుతుంది, లైడార్ తీవ్రతలో అది మెరుస్తుంది, నీరు మాత్రం నల్లగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆంటియోక్ దగ్గర పొటాష్ తీసింది అలాంటి చెరువుల్లోంచే.

కాంటూర్ల మధ్య ఎడం

30 డిగ్రీల వాలు మీద 10 అడుగుల కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, 5.3 మీటర్లకొకటి పడతాయి. 1:24,000 పటం మీద అది 0.22 మిల్లీమీటర్లు, అచ్చులో గోధుమరంగు మరకే. 20 అడుగులైతే 0.44, చదవొచ్చు. అదే 20 అడుగులు 0.1 శాతం వాలున్న లోయలో 6 కిలోమీటర్లకొక గీత. రాంచర్‌కు పనికొచ్చే గడ్డి మైదానమంతా ఖాళీగా మిగులుతుంది. కాబట్టి దిబ్బల్లో 20 అడుగులు, ప్రతి ఐదో గీత లావుగా, లోయ అడుగున 5 అడుగుల అదనపు కాంటూర్లు చుక్కగీతల్లో.

1 మీటరు డీఈఎం నుంచి నేరుగా గీస్తే పశువుల కాలిబాటలకు కూడా గీతలు వంకర్లు పోతాయి. సగటుతో 5 మీటర్లకు మార్చి, శిఖరాలు కాపాడే స్మూతింగ్ చేశాకే గీయాలి. పటం మీద 1.5 మిల్లీమీటర్ల లోపు చుట్లు, అంటే నేల మీద 36 మీటర్ల లోపువి, తీసేస్తే చాలా బ్లోఅవుట్లు కూడా పోతాయి. వాటికి పాయింటు గుర్తు పెట్టాలి, రాంచర్ ముందుగా వెతికేది వాటినే. మూసిన గుంట కాంటూర్లకు లోపలివైపు చిన్న పళ్ల గీతలు ఉండాలి. చుట్టు మధ్యలో ఎత్తు చూసి గుంటో గుట్టో తేల్చే స్క్రిప్టులు, గుంట మధ్యలో చిన్న దిబ్బ ఉంటే మోసపోతాయి. గీత నుంచి 2 మీటర్లు లోపలికి జరిగి ఎత్తు చూడాలి.

పాత షీట్లతో పోలిక

దిబ్బలు కదిలాయా అని పాత షీటు పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. పాత ఎత్తులు ఎన్‌జీవీడీ 29 అనే పాత ఆధారంలో ఉంటాయి. పడమటి హై ప్లెయిన్స్‌లో ఎన్‌ఏవీడీ 88 దానికంటే పదుల సెంటీమీటర్లు ఎక్కువ చూపుతుంది, నేలంతా లేచినట్టు అనిపిస్తుంది. 1947 నాటి జాతీయ పట ప్రమాణం ప్రకారం 90 శాతం పాయింట్లు కాంటూర్ ఎడంలో సగం లోపు ఉంటే చాలు. 20 అడుగుల షీటుకు అది 3 మీటర్లు. అంతకు తక్కువ మార్పు గురించి ఆ రెండు పటాల నుంచి ఏమీ తేల్చలేం.

అడ్డం స్థానాలకు ఎన్‌ఏడీ 27 అనే పాత డేటమ్ (స్థానాలు కొలిచే ఆధారం) నుంచి మార్పు తప్పదు. అక్షాంశ రేఖాంశాల్లో పదుల మీటర్లు, మీటర్ల గ్రిడ్ అయిన యూటీఎం ఉత్తర కోఆర్డినేట్‌లో 200 మీటర్ల దరిదాపు తేడా. ఆ డేటమ్ మూలబిందువు కాన్సస్‌లోని మీడ్స్ రాంచ్ అనే పశువుల మేత భూమిలో, 1891లో పాతిన గుర్తు. అడుగుల్లో ఉన్న స్టేట్ ప్లేన్ (రాష్ట్రాలవారీ గ్రిడ్) ఫైళ్లు వస్తే, సర్వే అడుగా అంతర్జాతీయ అడుగా కనుక్కోవాలి. తేడా పది లక్షలకు 2 భాగాలే, కానీ నెబ్రాస్కా జోన్ మధ్య రేఖాంశం దగ్గరే తూర్పు విలువ 5,00,000 మీటర్లు, అక్కడ అది 1 మీటరు.

సెక్షన్ గీతలు, గాలిమరలు

640 ఎకరాల చదరాల సెక్షన్ గీతలు పటం మీద ఉండాలి, ఎందుకంటే ఇక్కడ చోటు చెప్పుకునేదే సెక్షన్ నంబరుతో. రాయి దొరకని ఈ ఇసుకలో తొలి సర్వేయర్లు మూలల దగ్గర గుంతలు తవ్వి, కాల్చిన కర్రో బొగ్గో పాతి, పైన మట్టి దిబ్బ వేశారు. గాలికి ఆ దిబ్బలు చాలా చోట్ల పోయాయి. కంచె సెక్షన్ గీత మీదే ఉందని అనుకోవద్దు. నిటారు దిబ్బ వస్తే కంచె పక్కకు తప్పుకుంటుంది. నేల మీద దొరికిన మూలలకు దొరికిన గుర్తు, మిగతా గీతలు తెగిన ఎర్ర గీతలు.

2009 నుంచి వస్తున్న యూఎస్ టోపో షీట్లు జాతీయ డేటాబేసుల నుంచి తయారవుతాయి కాబట్టి పాత షీట్లలో ఉన్న గాలిమరలు, కంచెలు, రాంచ్ బండి బాటలు వాటిలో చాలావరకు ఉండవు. ఇక్కడ మేత భూమిని నడిపేది నీటి చోటు. గాలిమర పోయిన పటం రాంచర్‌కు సగం పటం. ఉక్కు చట్రం సన్నగా ఉండటంతో లైడార్‌లో నాలుగైదు పాయింట్లు మాత్రమే తగులుతాయి, వాటి మీద ఆధారపడలేం. హిల్‌షేడ్‌లో పశువుల కాలిబాటలు అన్ని దిక్కుల నుంచి వచ్చి ఒక బిందువు దగ్గర కలుస్తాయి. అక్కడ నీళ్ల తొట్టి ఉన్నట్టే, లేదా ఒకప్పుడు ఉన్నట్టు. ఆ బిందువుల్ని పాత షీటు గుర్తులతోనూ 60 సెంటీమీటర్ల నైప్ (ప్రభుత్వ వైమానిక) చిత్రంలోని గుండ్రటి తొట్టితోనూ పోల్చి మూడు జాబితాలు చేయాలి: మూడింటిలో ఉన్నవి, బాటలుండి తొట్టి లేనివి, తొట్టి ఉండి పాత షీటులో లేనివి. మూడో జాబితాలో చాలావాటికి గాలిమర ఉండదు, సోలార్ పంపు ఉంటుంది. గుర్తు వేరుగా వేయాలి. ఉమ్మడి గాలిమర గుర్తు వేస్తే, దూరం నుంచి చక్రం కోసం చూసేవాడికి అది కనిపించదు.

బండి బాటల్లో ఆటోగేట్లు, అంటే పశువులు దాటలేని ఇనుప కడ్డీల గేట్లు, మామూలు తీగ గేట్ల నుంచి వేరుగా చూపాలి. అగ్నిమాపక బండి తోలేవాళ్లకు ఆ తేడా ముఖ్యం. షీటు అంచున లైడార్ ఎగిరిన తేదీ, చెరువుల మట్టం ఆ తేదీదేనన్న మాట, జియాయిడ్ మోడల్, కాంటూర్ల రెండు ఎడాలు, నేల మీద చూడని గాలిమరల సంఖ్య రాయాలి.